మూడో నంబరు లిఫ్టు మీద ఫిర్యాదు

మూడో నంబరు లిఫ్టు పైకి పోయింది. ఎడమ చెవి గోడకి ఆనించి, చెంప చల్లబడుతున్నా కదలకుండా, ఊపిరి సగంలో ఆపి విన్నాను. బాగుంది. కొత్త తాళ్లు వేసిన లిఫ్టు మొదటి రోజు కాస్త మూలుగుతుంది, కొత్త చెప్పులు కరిచినట్టే, అది తప్పేమీ కాదు. ఇది మూలగడం లేదు. మూలగకపోయేసరికి ఎందుకు మూలగట్లేదా అని నాకు ఇంకో బెంగ. ఎవరైనా ఇప్పుడు తలుపు తీసి చూస్తే ఏమనుకుంటారు? పద్నాలుగో అంతస్తులో, నలుగురు పడుకోగల మంచం మీద, అరవై దాటిన మనిషి మోకాళ్ల మీద నిలబడి గోడని కౌగిలించుకుని ఉన్నాడు. అనుకోనీ. నేను దొంగని కాను, పిచ్చివాణ్ణీ కాను, నిన్న సాయంత్రం పుస్తకంలో సంతకం పెట్టి, తాళంచెవికి బదులు అట్టముక్క పుచ్చుకుని వచ్చిన అసలు సిసలు అతిథిని. ముప్పై నాలుగేళ్లు లిఫ్టులు బాగుచేస్తూ ఇలాంటి హోటళ్లలోకి ఎప్పుడూ వెనక తలుపు నుంచే, చెత్తబుట్టల పక్కనుంచే వచ్చాను. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుని, లోపల ఒకాయన వంగి నమస్కారం పెడితే, నా వెనక ఎవరో పెద్దమనిషి వస్తున్నాడనుకుని పక్కకి తప్పుకున్నాను.

ఈ గోడకి అవతల లిఫ్టు ఎక్కి దిగే నిలువు సొరంగం ఉంది, మేము దాన్ని షాఫ్టు అంటాం. ఆ షాఫ్టులో ఎక్కడో నా కూతురు ఉంది. పిట్ట. అసలు పేరు కంపెనీ కాగితాల్లో ఉంటుంది, ఇంట్లో పిట్టే. నాలుగు రోజులుగా ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని మూడో లిఫ్టుకి పాత ఇనుప తాళ్లు దించి కొత్తవి వేసింది. ఇవాళ పదకొండింటికి పరీక్ష మొదలైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి ఖాళీగా నడిపిస్తాడు, తరవాత బరువులెక్కించి నడిపిస్తాడు, బ్రేకు వేయిస్తాడు, అన్నీ సరిపోతే కాగితం మీద సంతకం పెడతాడు. ఆ సంతకం పడితే రేపటి నుంచి పిట్ట తన చేత్తో తానే ఒక లిఫ్టుని మనుషులెక్కవచ్చని రాసివ్వగలదు. పడకపోతే ఇంకో ఏడాది ఎవడి వెనకో నిలబడి పానాలు అందించాలి. చిక్కంతా ఆ ఇన్‌స్పెక్టరు నా దగ్గర పని నేర్చుకున్నవాడు కావడం. చేరిన మొదటి వారంలోనే చేతిలో నట్టుని షాఫ్టులోకి జారవిడిచి, అది పద్దెనిమిది అంతస్తులూ టంగు టంగుమంటూ దిగేదాకా కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. అప్పటినుంచీ వాడి పేరు నట్టు. ఇప్పుడు వాడిది పెద్ద హోదా, అయినా నట్టూ అని పిలిచే హక్కు నాకొక్కడికి మిగిలింది. అందుకే కంపెనీలో గుసగుసలు, గురువుగారి కూతురు కదా, నట్టు సారు ఫెయిల్ చేస్తాడా ఏమిటి అని. మొన్న అన్నం దగ్గర పిట్ట చెయ్యి కడుక్కోకుండానే చెప్పింది. "నాన్నా, పరీక్ష రోజు మీరు నాకు ఫోన్ చేయొద్దు. నట్టు బాబాయికీ చేయొద్దు. ఆ హోటల్ చుట్టుపక్కల కనిపించొద్దు. పాసైతే అది నాదవ్వాలి. ఫెయిలైతే అదీ నాదే." సరే అన్నాను. చుట్టుపక్కల కనిపించనన్నాను గానీ లోపల ఉండనని అనలేదు కదా. పైగా ఎవరికీ కనిపించడం కూడా లేదు. ఇది మాట తప్పడం కిందికి రాదని నిన్నటినుంచి నాకు నేనే వకీలునై వాదించుకుంటున్నాను, తీర్పు మాత్రం ఇంకా రాలేదు.

మా ఆవిడకి పాత స్నేహితుణ్ణి చూసి ఒక రాత్రి ఉండి వస్తానని చెప్పాను. ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే, "మీ స్నేహితుడు ఎన్నో అంతస్తులో ఉంటాడు?" అని అడిగింది. మా కాపురంలో నేను ఆడిన అబద్ధం ఒక్కటీ గడప దాటలేదు. సంచిలో రెండు చొక్కాలు, పళ్లపొడి డబ్బా పెట్టి, "తుమ్మినా దగ్గినా అది వింటుంది, జాగ్రత్త" అని మాత్రం అంది. ఇక్కడికొస్తే కౌంటరులో అమ్మాయి ఇరవయ్యో అంతస్తులో మంచి గది ఉంది సార్, కిటికీలోంచి ఊరంతా కనిపిస్తుంది అంది. ఊరు నాకు తెలిసిందే, లిఫ్టు పక్క గది ఉందా అన్నాను. "అక్కడ చప్పుడొస్తుంది సార్, అందరూ వద్దంటారు" అంది. చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదమ్మా అన్నాను. ఆ పిల్ల నావైపు చూసిన చూపులో జాలి ఉంది. ఇంత పెద్ద హోటలు కట్టి, ఉన్నవాటిల్లోకెల్లా మంచి గదిని ఎవరికీ వద్దని పక్కన పడేసుకున్నారు, జాలి పడాల్సింది ఎవరి మీదో.

అయితే అన్నీ మంచివని చెప్పలేను. అట్టముక్క తలుపులో మూడుసార్లు పెడితే మూడుసార్లూ ఎర్రదీపమే వెలిగింది. నడవా ఊడ్చే ఆవిడ చీపురు కర్రకి గడ్డం ఆనించి చూసి చూసి, "మెల్లగా పెట్టి మెల్లగా తీయండి బాబాయ్, దానికి తొందరపెడితే కోపం" అంది. ముప్పై నాలుగేళ్ల మెకానిక్కుకి తలుపు తీయడం నేర్పింది. లోపల ఏడు దిళ్లు. ఒక మనిషికి ఏడు దిళ్లెందుకో, తలొకటే కదా. దుప్పటిని పరుపు కిందికి బిగించి కుట్టినంత పని చేశారు, కాళ్లు దూర్చడానికి పది నిమిషాలు పెనుగులాడాను. కిటికీ తెరుచుకోదు. తెరుచుకున్నా ఎదురుగా ఇంకో మేడ, అందులో ఒకాయన బల్ల దగ్గర కూర్చుని పొద్దున్నుంచీ ఒకే కాగితం చూస్తున్నాడు. చల్లగాలి మిషనుకి గోడమీద మీటలున్నాయి, నేను నొక్కిన అంకెకీ అది చేసే పనికీ సంబంధం లేదు. టీవీ తెర మీద స్వాగతం అని రాసి పక్కన ఎవరిదో పేరు వేశారు, ఆ మహానుభావుడు ఏ గదిలో నా పేరు చూసుకుంటున్నాడో. స్నానాలగదిలో కూర్చునేచోట గోడకి ఒక ఫోను, అక్కడినుంచి ఎవరికి చేస్తారో, ఏం మాట్లాడతారో ఎంత ఆలోచించినా తట్టలేదు. కుళాయి కుడికి తిప్పితే కాలుతుంది, ఎడమకి తిప్పితే గడ్డకడుతుంది, మధ్యలో వెంట్రుకంత చోటు. నాకు ఊరుకోవడం చేతకాదు, గోళ్లు తీసుకునే కత్తెర మొనతో మూత లేపి లోపలి మరని సగం చుట్టు తిప్పాను, ఆ తరవాత అరగంట గోరువెచ్చటి నీళ్ల కింద నిలబడ్డాను. అంత సుఖమైన స్నానం నేను చేసి ఎరుగను. ఆ తెల్లటి తువ్వాలు ఎంత పెద్దదంటే, చుట్టుకుంటే నేను కనబడలేదు. రాత్రి దీపాలార్పాక గోడలోంచి మిగతా మూడు లిఫ్టులూ ఒక్కొక్కటే పరిచయమయ్యాయి. ఒకటో నంబరు మర్యాదస్తురాలు, వచ్చిందీ వెళ్లిందీ తెలియదు. రెండోది తలుపు మూసేముందు ఒక నిట్టూర్పు విడుస్తుంది. నాలుగోది కొంచెం కుంటుతుంది, దాన్ని చూసుకునేవాణ్ణి ఎవరో పట్టుకుని నాలుగు చివాట్లు పెట్టాలి. మూడోది పరీక్ష కోసం ఆపేసి ఉంది కాబట్టి మాట్లాడలేదు. ఇరుగుపొరుగు కుదిరినట్టయి హాయిగా నిద్రపోయాను. పొద్దున్న ఫలహారాల హాల్లో తెల్లటోపీ ఆయన గుడ్డు ఎలా కావాలని అడిగితే మీకెలా బాగా వస్తే అలా వేయండి అన్నాను. ఆయన మొహం విప్పారింది, రెండు వేశాడు. పొట్ట బిగిసేలా తిని వచ్చి, బెల్టూ ప్యాంటూ విప్పి వదులుది వేసుకుని, పదకొండు కాకముందే మంచమెక్కాను.

మళ్లీ వస్తోంది, కిందినుంచి. పన్నెండు, పదమూడు, ఇదిగో దాటింది, పోయింది. పిట్ట ఆరేళ్లప్పుడు బడికి సెలవుంటే నాతో మిషను గదికి వచ్చేది. బకెట్ బోర్లించి కూర్చోబెట్టేవాణ్ణి, కదిలితే చూడు అని కళ్లెర్రజేసేవాణ్ణి, అది కదిలేది కాదు. కళ్లు మూసుకుని కూర్చునేది. నిద్రపోతోందనుకునేవాణ్ణి. ఒకరోజు కళ్లు తెరవకుండానే, "నాన్నా, ఇది తుమ్మబోతోంది" అంది. ఏది అంటే మోటారు వైపు వేలు చూపించింది. నేను నవ్వాను. పావుగంట కాలేదు, బ్రేకు పట్టేసి లిఫ్టు ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఇద్దరు ముసలమ్మలు నన్నూ నా వంశాన్నీ కలిపి తిట్టారు. ఆ రాత్రి మా ఆవిడతో చెబితే, మీ చెవులే వచ్చాయి పిల్లకి, ముక్కన్నా నాది రానివ్వండి అంది. ముక్కు ఆవిడదే వచ్చింది, కోపమొస్తే కొస ఎర్రబడుతుంది. పెద్దయ్యాక కంపెనీలో ఉద్యోగానికి వెళ్తే అక్కడ కూర్చున్న ముగ్గురిలో ఒకడు, బరువులెత్తగలవా అమ్మా అని అడిగాడట. "బరువు మనుషులు ఎత్తక్కర్లేకుండా ఉండటానికే కదా సార్ లిఫ్టు కనిపెట్టింది" అందట. అలా అన్నందుకే తీసుకున్నారని నా నమ్మకం, కాదు నా పేరు చూసి తీసుకున్నారని వాళ్ల నమ్మకం, అదే దాని గుండెలో ముల్లు. కంపెనీ ఇచ్చిన యూనిఫారంలో ఇద్దరు పిట్టలు పడతారు. తిరిగే చక్రం దగ్గర వదులు చేతులుంటే ప్రాణానికే ముప్పని మా ఆవిడకి ఒక్కసారే చెప్పాను, ఆ రాత్రే కూర్చుని ఐదు జతలూ విప్పి మణికట్టు దగ్గర బిగించి కుట్టింది. మొదటిసారి పిట్ట లిఫ్టు నెత్తిమీద నిలబడి షాఫ్టులో పైకి వెళ్తున్నప్పుడు కింద దీపం పట్టుకుని నిలబడింది నేనే. వేలసార్లు నేనెక్కిన చోటే. చూడలేకపోయాను. గోడవైపు తిరిగి, దీపం మాత్రం పైకి పెట్టి నిలబడ్డాను. నాకు భయమేసింది. ఆ భయం ఇప్పటికీ పోలేదు, అందుకే ఇక్కడున్నాను, వకీలు వాదనలన్నీ పక్కన పెడితే సంగతి ఇదీ.

ఇప్పుడు బరువులెక్కించారు. గోడ చెబుతోంది, ఇందాకటి గొంతు కాదు, కడుపునిండిన మనిషి మెట్లెక్కుతున్నట్టు నింపాదిగా వస్తోంది. పదమూడు. పద్నాలుగు. టిక్. నా చెయ్యి దానంతటదే గోడమీద పిడికిలి బిగించింది. పైదాకా వెళ్లి తిరిగి దిగుతోంది, పదిహేను, పద్నాలుగు, టిక్. అదే చోట. లిఫ్టు రెండు ఇనుప పట్టాల మధ్య నడుస్తుంది, ఆ పట్టాలు ముక్కలు ముక్కలుగా అతికి ఉంటాయి, అతుకు దగ్గర బోల్టు వదులైతే ఖాళీ లిఫ్టుకి తెలియదు, బరువు పడ్డప్పుడే నోరు విప్పుతుంది. సరిగ్గా ఇలాగే. లోపల నిలబడ్డ నట్టుకి ఫ్యాను హోరులో ఇది వినపడదు. నెత్తిమీద ఉన్న పిట్టకి తాళ్ల చప్పుడులో వినపడిందో లేదో. వినపడకపోతే పాసైపోతుంది, హాయిగా పాసైపోతుంది, రేపు దాని మొట్టమొదటి సంతకం ఒక వదులు బోల్టు మీద పడుతుంది. ఇవాళ టిక్కు, ఆరునెలలకి టక్కు, ఏడాదికి ఎవడో లోపల ఇరుక్కుని కాగితం తీసి ఎవరి సంతకమని చూస్తాడు. ఫోను చేయొద్దంది. నట్టుకీ చేయొద్దంది. నోరు మూసుకుని కూర్చుంటే మాట నిలబడుతుంది, లిఫ్టు నిలబడదు.

ఇంకో దారీ ఉంది, నేను పొరబడి ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చిందంటే దాని వెనకే ఆ రోజూ వస్తుంది, రావద్దన్నా వస్తుంది. నాలుగేళ్ల కిందట, ఉద్యోగంలో నా ఆఖరి ఏడాది, వేరే మేడ మీద మిషను గది. మోటారు మీద చెవి పెట్టి విని, బాగుంది, పదండి అన్నాను. పిట్ట ఒక్క క్షణం ఆగింది, తరవాత మెట్లు దిగింది. మర్నాడు వెళ్తే బేరింగు కొత్తది, మూల గుడ్డలో చుట్టి పాతది, దాని ఉంగరం మీద నిలువునా పగులు. పని పుస్తకంలో లోపం కనిపెట్టినవారు అన్నచోట నా పేరు, రాత పిట్టది. ఏమిటిది అంటే, మీరే కదా నాన్నా నిన్న బేరింగు చూడమన్నారు అంది, కళ్లల్లోకి చూసి అంది. అని ఉంటాను కాబోలు అనుకున్నాను. అనుకోవడం తేలిక. మూడు నెలలకి, మోకాళ్లు సహకరించడం లేదని రాసిచ్చి ఉద్యోగం మానుకున్నాను. పాపం మోకాళ్లు, వాటికేమీ కాలేదు, ఇదిగో గంటనుంచీ మంచం మీద నిలబెడుతున్నా కిక్కురుమనలేదు. పోయింది కుడిచెవి. మోటార్ల పక్కన ముప్పై నాలుగేళ్లు ఆ వైపే ఆనించాను, అది తన వాటా వినేసి తలుపు మూసుకుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. టీవీ నా ఎడమవైపుకి వచ్చేలా కూర్చుంటాను, బజారులో మా ఆవిడకి కుడి పక్క నడుస్తాను, రోజులు వెళ్లిపోతున్నాయి. కానీ ఎడమచెవి మంచిది. టిక్. ఇదిగో మళ్లీ. ఇది నా ఊహ కాదు, నా అనుమానం కాదు, టిక్కుమంది.

కూతురు తనకీ నట్టుకీ ఫోను చేయొద్దంది గానీ, హోటలుకి చేయొద్దనలేదు. గదిలో ఉన్న అతిథికి చప్పుడు వినపడితే చెప్పే హక్కు అతిథికి ఉంటుంది. పేరు చెప్పక్కర్లేదు, గది నంబరు చాలు. గొంతు కాస్త బొంగురు చేసుకుని ఫోనెత్తాను.

"లిఫ్టు చప్పుడు చేస్తోందమ్మా. మూడో నంబరు. పద్నాలుగో అంతస్తు దాటినప్పుడల్లా."

"అయ్యో, ఇబ్బందిగా ఉందా సార్? వేరే గది ఇమ్మంటారా?" ఫోనులో అమ్మాయి గొంతు తేనెపూసినట్టుంది.

"గది బ్రహ్మాండంగా ఉంది. గది జోలికి పోకండి. ఆ పట్టాల అతుకు దగ్గర... అదే, ఏదో టిక్కుమంటోంది. లిఫ్టు వాళ్ల చెవిన వేస్తే చాలు."

"తప్పకుండా సార్. అదృష్టం, ఇవాళ లిఫ్టు పరీక్షే జరుగుతోంది, ఇన్‌స్పెక్టరు గారు కిందే ఉన్నారు. ఆయనకే రాసిస్తాను. మెకానిక్ ఇప్పుడే మీ గదికి వస్తారు."

"ఇన్‌స్పెక్టరుకెందుకమ్మా? గదికెవరూ రావక్కర్లేదు..."

పెట్టేసింది. ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. నా కొంపకి నేనే నిప్పంటించుకుని నీళ్లకోసం పక్కింటికి పరిగెత్తినట్టయింది. ఇన్‌స్పెక్టరుకి రాతలో ఫిర్యాదు, అదీ పరీక్ష జరుగుతుండగా. అది కాగితాల్లోకి ఎక్కి తీరుతుంది, తేలేదాకా నట్టు సంతకం పెట్టలేడు, పెట్టాలని ఉన్నా పెట్టలేడు. ఏమీ లేని చప్పుడైతే దాని పరీక్షని నేను చెడగొట్టినవాణ్ణి, ఉన్న చప్పుడైతే దాన్ని ఫెయిల్ చేయించినవాణ్ణి. ఎటుచూసినా ఘనకార్యమే. పైగా వచ్చే మెకానిక్ ఎవరు? ఇంకెవరు వస్తారు. సంచి సర్దుకుని మెట్ల మీదుగా జారుకుందామని లేచాను, పద్నాలుగు అంతస్తులు, మోకాళ్లు ఈసారి నిజంగానే వద్దన్నాయి. అదీ కాక ఫిర్యాదు చేసినవాడు మాయమైతే ఫిర్యాదు తేలదు, అలాగే ఉండిపోతుంది, అంతకంటే పాపం లేదు. తలుపు పిడికి దయచేసి ఇబ్బంది పెట్టవద్దు అన్న అట్ట ఉంటే బయట తగిలించి వచ్చాను. రెండు నిమిషాలకి నా మీద నాకే అసహ్యమేసి వెళ్లి తీసేశాను. స్నానాలగదిలో దూరి గొంతు మాత్రం బయటికి పంపిద్దామా? ఆ ఫోను అందుకే పెట్టారేమో అనిపించి, అంత బెంగలోనూ నవ్వొచ్చింది. చొక్కా సరిచేసుకున్నాను. మంచం మీద ముడతలు సవరించాను, ఎందుకో నాకే తెలియదు. నడవాలో తివాచీ మెత్తన, ఎవరొస్తున్నారో అడుగుల చప్పుడు వినిపించదు. అదొక్కటే ఈ హోటల్లో నాకు బొత్తిగా నచ్చనిది.

తలుపు చప్పుడైంది. తీశాను.

టోపీ కింద జుట్టు బిగించి, గడ్డం మీద గ్రీజు మరకతో, చేతిలో అట్టకి బిగించిన కాగితంతో పిట్ట. దాని వెనకే నిన్నటి ఊడ్చే ఆవిడ తోపుడుబండితో. పిట్ట నన్ను నెత్తినుంచి కాళ్లదాకా చూసింది, మళ్లీ కాళ్లనుంచి నెత్తిదాకా చూసింది. ముక్కు కొస ఎర్రబడింది.

"నమస్కారం సార్," అంది. "లిఫ్టు చప్పుడని ఫోన్ చేసింది మీరేనా?"

"నేనేనమ్మా."

"లోపలికి రావచ్చా సార్?"

"రండి," అన్నాను. కన్నకూతుర్ని రండి అన్నాను.

"చప్పుడు విన్నప్పుడు మీరు ఎక్కడున్నారు సార్?" మంచం చూపించాను. బూట్లు విప్పి మంచమెక్కి, నేను నిలబడ్డచోటే మోకాళ్ల మీద నిలబడింది. పరుపు మీద నా మోకాళ్ల గుంటలు రెండూ ఇంకా అలాగే ఉన్నాయి, వాటిల్లో పెట్టింది. ఫిర్యాదు చేసినవాడు ఎక్కడ విన్నాడో అక్కడికే వెళ్లి వినాలని నేనే చెప్పానో, నా దగ్గర చూసే నేర్చుకుందో. నడుముకున్న వాకీటాకీ నొక్కి, "సార్, బరువుతోనే ఒకసారి పైకి" అంది. అటునుంచి నట్టు గొంతు సరేనంది. ముగ్గురం ఊపిరి బిగబట్టాం, ఊడ్చే ఆవిడతో సహా. పదమూడు. పద్నాలుగు. టిక్.

"విన్నారా!" అన్నాను. గెలిచానన్న సంతోషమూ, అయ్యో ఉన్నదే అన్న ఏడుపూ రెండూ ఒకే గొంతులో వచ్చాయి.

"విన్నాను సార్. ఎటునుంచి వచ్చింది?"

"గోడలోంచి."

"గోడలో ఏ వైపునుంచి సార్?"

గోడవైపు చూశాను. ఏ వైపునుంచి? ఒక చెవి మిగిలినవాడికి చప్పుడు ఉంటుంది గానీ దానికి దిక్కు ఉండదు. ఎవరైనా పిలిస్తే నాలుగు వైపులా తిరిగి చూస్తాను, తలనొప్పి అని చెప్పుకుంటాను. నేను గోడకి చెవి ఆనించాను కాబట్టి అది గోడలోంచి వచ్చింది, అంతే. పిట్ట తొందరపెట్టలేదు. నా కుడివైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది. మంచం దిగి, గోడవైపు కాకుండా నా వీపు వెనక్కి రెండడుగులు వేసి, బట్టల బీరువా తలుపు తీసింది. "ఇంకొక్కసారి సార్" అని వాకీటాకీలో చెప్పింది. లిఫ్టు దాటింది. బీరువా వెనక చెక్క లేతగా అదిరింది, చెక్కకి కొట్టిన మేకుకి వేలాడుతున్న నా బెల్టు ఊగింది, దాని ఇనుప కట్టు చెక్కని తాకింది. టిక్.

గుడ్లు ఎక్కువై నేనే విప్పి నేనే తగిలించిన బెల్టు. పట్టాలు, అతుకులు, బోల్టులు, ఆరునెలలు, ఏడాది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాళ్లని చూసి జన్మంతా నవ్వాను, ఇప్పుడు ఆ ఊరూ నేనే, ఆ పిల్లా నా చంకలోదే. ఊడ్చే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మీ తిప్పలు తలుపు దగ్గరే అనుకున్నాను బాబాయ్" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయింది. నడవాలోంచి ఆవిడ నవ్వు మాత్రం బాగానే వినిపించింది.

పిట్ట బెల్టు తీసి రెండు మడతలు వేసి నా చేతిలో పెట్టింది. కాగితం మీద ఏదో రాసి అట్ట నావైపు తిప్పింది. "నట్టు బాబాయి అన్ని గళ్లూ నింపేశాడు, ఒక్కటి తప్ప. అతిథి ఫిర్యాదు తేల్చుకుని రా, అదే నీ ఆఖరి ప్రశ్న అన్నాడు. ఇక్కడ మీ పేరు, సంతకం. ఈ గడిలో చప్పుడు పోయిందా లేదా, అది."

తలుపు వైపు చూసి గొంతు తగ్గించాను. "నా పేరు చూస్తే వాడికి తెలిసిపోతుందే. నాన్న వెనకుండి నడిపించాడంటారు. ఏదో ఒక పేరు రాసేస్తాను."

"మీ పేరే రాయండి," అంది, అదీ గొంతు తగ్గించి. కోపం ఇంకా ముక్కు మీదే ఉంది, కానీ వస్తున్న నవ్వుకి కింద పెదవి నిలవడం లేదు. "కూతురి పరీక్ష మధ్యలో ఆ కూతురి లిఫ్టు మీదే ఫిర్యాదు చేసిన తండ్రిని ఎక్కడైనా విన్నారా? ఈ కాగితం ఫైల్లో ఉన్నన్నాళ్లూ, నన్ను సిఫార్సు మీద వచ్చిందని ఎవడంటాడో నేనూ చూస్తాను. మీమీద కోపం ఇంటికొచ్చాక చూపిస్తాను, అది వేరే లెక్క."

కలం తీసుకున్నాను. కాగితం మీదికి వంగాను.

"ఆగండి," అంది పిట్ట. "ఊరికే రాయొద్దు, నిజం రాయాలి. ఇంకోసారి నడిపిస్తాను, వినండి." నా చెయ్యి పట్టుకుని గోడవైపు తిప్పబోయి, మెల్లగా, చాలా మామూలుగా అంది. "ఎడమ చెవితో వినండి నాన్నా."

ఎన్నాళ్లనుంచి తెలుసో నేను అడగలేదు, అది చెప్పలేదు. వాకీటాకీలో మాట వెళ్లింది. గోడకి అవతల కొత్త తాళ్ల మీద, నిండు బరువుతో, నా కూతురి లిఫ్టు బయలుదేరింది. నేను గోడ దగ్గరికి వెళ్లలేదు.

"అక్కర్లేదమ్మా," అని, ఆ గడిలో పోయింది అని రాసి, కింద నా పేరు పూర్తిగా రాశాను. ముప్పై నాలుగేళ్లలో వినకుండా సంతకం పెట్టింది అదొక్కటే.